పాకం పట్టిన మంచు

గోదావరి జిల్లాల్లో మంచు కురవదని బాధపడేవారు ఇక ఆ బాధ మానుకోవచ్చు. కురుస్తోంది! డిసెంబరు మొదలుకొని జనవరి రెండో వారం దాకా రాజమండ్రిలో ప్రతి అపార్ట్‌మెంట్ లాబీలోనూ, ప్రతి స్కూలు గేటు మీదా, ప్రతి బట్టల షాపు అద్దం మీదా మంచు కురుస్తోంది. ఇది మన ప్రాంతానికి పట్టిన అదృష్టమని నా వాదన. ముప్ఫై అయిదేళ్ళు విలేకరిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆధారం లేకుండా మాట్లాడను.

మా ఊళ్ళో డిసెంబరు పగలు ముప్ఫై డిగ్రీలు. అయినా లాబీలో మంచు కట్టిన మర్నాటి నుంచి మా అపార్ట్‌మెంట్ వాళ్ళు స్వెటర్లు వేసుకుని కిందికి దిగుతున్నారు. లిఫ్టులో చెమట తుడుచుకుంటూ "ఈ ఏడు చలి ఎక్కువేనండి" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఇంత చలిని ఇంతకు ముందు ఎవరైనా తేగలిగారా?

పిల్లల సంగతి చూడండి. మా పక్క వీధి స్కూల్లో యూకేజీ పిల్లలకు పెంగ్విన్ వేషాలు వేసి గంటన్నర ఎండలో నిలబెట్టారు. ఇద్దరు పెంగ్విన్లకు గ్లూకోజు నీళ్ళు పట్టాల్సి వచ్చింది. ధ్రువ ప్రాంతాల్లో జీవితం ఎంత కష్టమో వాళ్ళకు అయిదేళ్ళకే తెలిసిపోయింది!

మండపేట వారికి మాత్రం ఇదేమీ వింత కాదు. రైస్ మిల్లుల నుసి అక్కడ ఏడాది పొడుగునా ఆరేసిన బట్టల మీద కురుస్తూనే ఉంటుంది. రంగు ఒక్కటే తేడా.

ఇంతకీ ఈ మంచు ఉద్యమంలో నా పాత్ర గురించి చెప్పాలి.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు జగన్నాథరావు గారు పోలవరంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. జీవితంలో ఒక్క పనైనా చెప్పిన తేదీకి పూర్తి కావాలని ఆయన పట్టుదల. ఈ ఏడు 'వింటర్ ఫెస్ట్' చేద్దామని, లాబీలో చేత్తో అల్లిన మంచు పువ్వులు కడదామని ప్రతిపాదించారు. ఫోనులో బొమ్మ చూపించారు. తెల్ల దారంతో అల్లిన ఆరు రెక్కల పువ్వు. ఎవరు అల్లుతారు అని అడిగారు. అందరూ చెప్పులు చూసుకున్నారు. నేను చెయ్యి ఎత్తాను.

ఎందుకు ఎత్తానని మా ఆవిడ రత్నమాణిక్యం ఇప్పటికీ అడుగుతోంది.

యూట్యూబ్‌లో ఒక దొరసాని నేర్పుతుంది. ఆమె వెనక కిటికీలో నిజం మంచు పడుతూ ఉంటుంది. వీడియో నిడివి పన్నెండు నిమిషాలు. అందులో 'సింపుల్' అన్న మాట పందొమ్మిదిసార్లు వచ్చింది. నాకు మొదటి పువ్వుకి నాలుగు రోజులు పట్టింది.

కానీ లాభాలు చూడండి! ఒక చేతిలో కొక్కెం సూది, ఇంకో చేతిలో దారం ఉంటే ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. కరివేపాకు తెమ్మంటే "లెక్క తప్పుతుంది" అనవచ్చు. బీపీ తగ్గుతుందని డాక్టర్లు అంటారట. తగ్గింది కూడా. పెరిగింది మా ఆవిడకి.

"ఏవండీ, మీ దారపు ఉండ దొర్లుకుంటూ వచ్చి పప్పులో పడింది. తీసుకెళ్ళండి."

అలా తయారైన మొదటి పువ్వుని ప్రెసిడెంటుకి చూపించడానికి లిఫ్టు ఎక్కాను. లోపల సంపూర్ణమ్మ గారున్నారు. మూడో అంతస్తులో ఉండే రూబీ టీచరుకి తల్లి. నరసాపురం పక్క పల్లె. కంటి ఆపరేషన్ కోసం కూతురి దగ్గరికి వచ్చారు.

"ఏంటండీ రిపోర్టరు గారూ అది, పీతా?"

"కాదండి. మంచు పువ్వు."

"పీతకైతే పది కాళ్ళుండాలండి. మీదానికి తొమ్మిదే ఉన్నాయి."

లెక్కపెట్టాను. తొమ్మిదే.

ఆమె నా వెంట మా ఇంటికి వచ్చి సూది, దారం తీసుకున్నారు. అక్కడే కూర్చుని, రత్నమాణిక్యం కాఫీ కలిపి తెచ్చేలోగా మధ్యభాగం పూర్తి చేశారు. కాఫీ తాగాక మిగతాది. ఆరు రెక్కలు. ఆవిడ చేతి వైపు చూడలేదు, గోడ మీద టీవీ చూస్తున్నారు.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాను. అడగకూడని ప్రశ్న. ఆ పల్లెల్లో లేసు అల్లడం రాని ఆడమనిషి ఎక్కడుంటుంది?

"ఎనిమిదో ఏటినుంచండి. ఈ రకం నలభై ఏళ్ళుగా అల్లుతున్నాం. మార్చిలో ఆర్డరు వస్తది, జూన్‌కల్లా ఇచ్చెయ్యాలి. ఓడెక్కి దొరల దేశాలకి పోవాలి కదండీ."

అంటే చలికాలపు మంచుని రోహిణీ కార్తెలో తయారు చేస్తారు!

"చెమట చుక్క పడితే పచ్చగా తేల్తదండి. ఏజెంటు ఏరి అవతల పడేస్తాడు. అందుకని ఒళ్ళో తువ్వాలు పరుచుకుంటాం. ఆర్డరున్నన్నాళ్ళూ మా వీధిలో ఎవరూ ఆవకాయ కలపరండి. కారం చేత్తో తెల్ల దారం ముట్టుకుంటే ఇంకేముంది? అందరి జాడీలూ నిండాక, మిగిలిపోయిన కాయలతో మేం పెట్టుకునేవాళ్ళం."

మంచు వల్ల ఆవకాయ ఆలస్యమయ్యే ప్రాంతం ప్రపంచంలో ఇంకొకటి ఉందా? దీన్నయినా మన ఘనతగా ఒప్పుకుంటారా?

"ఇంతకీ మంచుకి రెక్కలుంటాయా అండీ? మేం వీటిని చుక్కలంటాం."

"భూతద్దంలో చూస్తే ఉంటాయండి."

"మీరు చూశారా?"

"లేదండి."

"నేనూ చూళ్ళేదు. సరిపోయాం ఇద్దరం!"

నవ్వి, ఆమె అసలు మాట అన్నారు. "పన్నెండేసి గుత్తి కట్టి ఏజెంటుకి ఇచ్చెయ్యడమేనండి. అక్కడ వీటిని ఏం చేస్తారో తెలీదు. గోడకి కడతారో, బల్ల మీద పరుస్తారో. ఒక్కసారైనా కట్టి ఉండగా చూడాలనుందండి. ఈ కంటికి ఆపరేషన్ జనవరిలో. రెండోది అంతంత మాత్రం. ఆ తర్వాత ఎట్టా ఉంటదో."

లాబీలో మీ పువ్వులే కడతామని మాటిచ్చాను. మూడు వారాల్లో ఆమె అరవై అల్లారు. నేను అల్లిన ఒక్కటీ లెక్కలో లేదు. దాన్ని మా ఆవిడ గిన్నె కింద వేసుకుంటోంది.

అల్లిన పువ్వు మెత్తగా ఉంటుంది. వేలాడాలంటే బిరుసెక్కాలి.

"గంజి పెట్టేద్దామండి" అన్నారు సంపూర్ణమ్మ గారు.

"గంజి చీరలకి పెడతారండి. వీడియోలో పంచదార పాకం అని స్పష్టంగా చెప్పారు."

"చీమలు పడతాయేమోనండి."

"వీడియోలో చీమల ప్రస్తావన లేదండి" అన్నాను.

చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడో ముందు చూసుకోవాలని ముప్ఫై అయిదేళ్ళు జూనియర్లకు పాఠం చెప్పినవాణ్ణి. దొరసాని వెనక కిటికీలో మంచు పడుతోంది. ఆ ఊళ్ళో చీమ గడప దాటుతుందా?

రత్నమాణిక్యం ఒక్కటే అడిగింది. "అరిసెల పాకమా, కాజాల పాకమా?"

తీగపాకం పట్టాం. శుక్రవారం సాయంత్రం నేనూ, వాచ్‌మన్ పోతురాజూ నిచ్చెన వేసి అరవై పువ్వులూ కట్టాం. ఆ సమయానికి సంపూర్ణమ్మ గారు ఉపవాస ప్రార్థనకు చర్చికి వెళ్ళారు. పొద్దున్నే వచ్చి చూస్తానన్నారు.

శనివారం పొద్దున ఏడింటికి ఆమె పండగ చీర కట్టుకుని దిగారు. రూబీ చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది.

మురుగు కాలువ దగ్గర మొదలైన ఎర్రచీమల బారు, పోస్టు డబ్బాల పక్కనుంచి గోడెక్కి, సీలింగు దాటి, దారాల మీదుగా దిగుతోంది. ఆ పొద్దున లాబీలో పువ్వులు కనపడలేదు. పువ్వుల ఆకారంలో చీమలు కనపడ్డాయి.

సంపూర్ణమ్మ గారు తలెత్తి, కళ్ళు చికిలించి చూశారు. "ఎర్ర దారం ఎందుకు కలిపారండీ?" అన్నారు.

రూబీ చెప్పింది. ఆమె చూపు పువ్వుల మీంచి దించి నా వైపు తిప్పారు.

జగన్నాథరావు గారు వచ్చారు. "ఏంటండీ ఇది! సాయంత్రం ఆరింటికి ముఖ్య అతిథి వస్తారు. అప్పటికి ఇక్కడ మంచుండాలి. ఏ మంచైనా సరే!"

ఆయన మెయిన్ రోడ్డుకి మనిషిని పంపి రెండు డబ్బాల ప్లాస్టిక్ మంచు తెప్పించారు. పోతురాజు చీపురుతో అరవై పువ్వుల్నీ దులిపి చెత్త సంచిలో వేశాడు.

"ఇలా ఇచ్చెయ్యి నాయనా" అని సంపూర్ణమ్మ గారు సంచి తీసుకున్నారు.

నేనూ వెనకాలే వెళ్ళాను. మూడు బకెట్ల నీళ్ళు మోశాను. అంతకుమించి పని నాకు ఇవ్వలేదు. పాకమంతా పోయేదాకా ఉతికి, గంజి కాచి ముంచి, డాబా మీద పాత పరుపు వేసి రెక్క రెక్కకీ గుండుసూది గుచ్చి ఎండలో పెట్టారు.

"అంకుల్, ఒక్కటి అడగనా?" అంది రూబీ. "ముప్ఫై అయిదేళ్ళు వార్తలు కూడా ఇలాగే రాశారా?"

మూడింటికి ఆరాయి. కిందికి పరుగెత్తి ప్రెసిడెంటుని బతిమాలాను. "నిచ్చెన తిప్పి పంపించేశానండి" అన్నారు. చెప్పిన తేదీకి, చెప్పిన టైముకి మూడు గంటల ముందే ఆయన పని పూర్తి చేశారు. జీవితంలో మొదటిసారి. ఎలా కాదనను?

తిరిగి డాబా ఎక్కేసరికి సంపూర్ణమ్మ గారే కడుతున్నారు. బట్టల తీగలకి. ఒక పక్క నాలుగో అంతస్తు వాళ్ళ స్కూలు యూనిఫారాలు, ఇంకో పక్క ఎవరివో లుంగీలు. మధ్యలో అరవై. గోదావరి మీంచి గాలి వచ్చింది.

"ఊగుతాయన్నమాటండీ!" అన్నారు.

"ఏంటండీ?"

"ఇవి ఊగుతాయని తెలీదండి నాకు. నలభై ఏళ్ళు చేతిలో పట్టుకున్నవే కదా. కట్టాక ఇలా ఊగుతాయన్నమాట." దగ్గరికి వెళ్ళి ఒకదాన్ని కంటికి ఆనించుకుని చూశారు. "కొసలు ఇంకాస్త బిగించి ఉండాల్సింది."

ఆరింటికి కింద సభ. ముఖ్య అతిథి తలెత్తి ప్లాస్టిక్ మంచుని చూపిస్తూ "మన రిపోర్టరు గారు స్వహస్తాలతో అల్లిన ఈ మంచు పువ్వులు చూస్తుంటే..." అన్నారు. చప్పట్లు! శాలువా! మైకు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నేను లేచి నమస్కారం పెట్టాను.

అల్లకుండానే శాలువా! ఇప్పటికైనా ఒప్పుకుంటారా మంచు మేలని?

మర్నాడు పేపర్లో వచ్చింది. నా పేరు, నా ఫొటో, నా తల మీద ప్లాస్టిక్. చివర్లో 'కార్యక్రమంలో జగన్నాథరావు తదితరులు పాల్గొన్నారు.' రూబీ చదివి వినిపించిందట. సంపూర్ణమ్మ గారు లిఫ్టులో కలిసినప్పుడు అడిగారు. "ప్లాస్టిక్‌వి కూడా అల్లడం ఎప్పుడు నేర్చుకున్నారండీ?"

ఇంటికొచ్చి నా పాత కటింగులు తీశాను. నరసాపురం లేసు మీద నేను రాసిన వార్తలు పదకొండు. కలెక్టర్ల పేర్లున్నాయి, ఎగుమతిదారుల పేర్లున్నాయి, రిబ్బను కత్తిరించిన ప్రతివారి పేరూ ఇంటిపేరుతో సహా ఉంది. ఫొటోల కింద మాత్రం పదకొండింటిలోనూ ఒక్కటే: 'లేసు అల్లుతున్న మహిళలు.' ఒక్కరినైనా పేరు అడిగినట్టు నాకు గుర్తు లేదు.

డెస్కుకి ఫోను చేశాను. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడు. "సవరణ వెయ్యాలంటే ఎవరికైనా నష్టం జరిగి ఉండాలి కదా సార్. ఇందులో నష్టం ఎవరికి సార్?" అన్నాడు. ఆ ప్రశ్న నేను వందమందిని అడిగి ఫోను పెట్టేయించినదే. అది ఎంత పదునైనదో అవతలి వైపు నుంచి వింటే గానీ తెలియలేదు.

వార్తలో చోటు లేదు గనుక, ఈ శీర్షికలో నాకున్న చోటు వాడుకుంటున్నాను.

సవరణ: శనివారం సాయంత్రం మా లాబీలో ఉన్నవి ప్లాస్టిక్‌వి. అల్లినవి అప్పుడు డాబా మీద ఉన్నాయి. వాటిని అల్లినవారు కొల్లాబత్తుల సంపూర్ణమ్మ గారు. అరవైకి అరవై. చీమలు మాత్రమే ఈ రచయితవి. పొరపాటుకు, ఇంతకు ముందు చేసిన పదకొండు పొరపాట్లకు చింతిస్తున్నాను.