ఫ్యాన్ల మూగనోము

ఇళ్ళకు ప్లాన్లు గీసి బతికే ఆ పెద్దమనిషికి ఆ ఉదయం ఉన్న పనులు రెండే. కంప్యూటర్ పెట్టెలోని ఫ్యాన్ల రొద తగ్గించడం, సాయంత్రంలోగా ఒక మేడ ప్లాను పంపడం. అది పంపకపోతే బేరం ఇంకొకరికి పోతుంది. రొద గురించి మాత్రం భార్య నెలల తరబడి పోరుతోంది.

"పక్కన నిలబడి పిలిచినా పలకరు. ఇదేమన్నా ఇల్లా, పిండిమరా?"

అందుకని, పాత రేడియో నాబ్ ఊడబీకి, దానికో ట్రాన్సిస్టర్ తగిలించి, రెండు వేళ్ళు కాల్చుకుని, ఆయనే స్వయంగా ఒక రెగ్యులేటర్ తయారుచేశాడు. నాబ్ ఎడమకు తిప్పగానే ఫ్యాన్లు మూగనోము పట్టాయి. చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది ఇల్లు. వినబడింది మాత్రం వంటింట్లోంచి, అక్కతో ఫోనులో మాట్లాడుతున్న భార్య గొంతు.

"పదేళ్ళుగా ఓర్చుకుంటున్నానక్కా. రాత్రంతా ఒకటే మోత, కంటిమీద కునుకుండదు. కాళ్ళు కూడా పట్టు తప్పాయి. ఎవరైనా పట్టుకుపోతామంటే ఊరికే ఇచ్చేస్తా."

ఆవిడ చెబుతున్నది పాత మంచం సంగతి. ఆయన వంగి తన మోకాళ్ళకేసి చూసుకున్నాడు.

ఇంతలో కరెంటు చాలక ఒక ఫ్యాను మొరాయించింది. ఆయన నీరసంగా కంప్యూటర్ సామాను కొట్టువాడికి ఫోను చేశాడు. "ఆగి ఆగి ఆడుతోందండీ. ఒక్క పోటు పొడిస్తే మళ్ళీ అందుకుంటోంది. పూర్తిగా ఆగిపోతే ఇంకేముంది, అంతా అయిపోయినట్టే!"

ముందుగదిలో పత్రిక చదువుకుంటున్న అత్తగారికి గుండె జారిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరి డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చింది.

"చొక్కా విప్పండి," అన్నాడు డాక్టరు.

"ఎందుకూ?"

"దాచకండి బాబూ! గుండె ఆగి ఆగి ఆడుతోందని మీరే అన్నారుగా!" అంది అత్తగారు.

గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది భార్య. "గుండె జబ్బా? నాకొక్క మాటైనా చెప్పలేదేం?"

"చెప్పి ఏం లాభం? ఊరికే ఇచ్చేస్తానన్నావుగా నన్ను!"

"మిమ్మల్ని కాదు, మంచాన్నండీ!"

"ఏ మంచం?" అత్తగారి గొంతు మారింది. "నేను ముచ్చటపడి కొనిచ్చిన మంచమా?"

ఇక తల్లీకూతుళ్ళకు మాటామాటా పెరిగింది. స్టెతస్కోపు చెవుల్లోనే ఉంచుకుని డాక్టరు గోడకు అతుక్కుపోయాడు. సరిగ్గా అప్పుడే, గాలాడక వేడెక్కిన కంప్యూటరు ఉన్నట్టుండి ఆరిపోయింది. పొద్దుటినుంచి గీసిన మేడ మెట్లతో సహా మాయమైంది.

ఆయన నెత్తి కొట్టుకుని కంప్యూటరు మళ్ళీ వెలిగించాడు. అప్పటికీ "నేనిచ్చిన ప్రతిదీ నీకు బరువే!" అని అత్తగారు కూతుర్ని సాధిస్తూనే ఉంది. భార్య విసురుగా వచ్చి నాబ్‌ను కుడివైపు చివరిదాకా తిప్పేసింది. ఫ్యాన్లు హోరెత్తాయి. అత్తగారి పెదవులు కదులుతున్నాయి కానీ మాట వినబడలేదు. కాసేపటికి అవీ అలసిపోయాయి.

"దాన్ని ముట్టుకున్నారంటే చూడండి!" అని మొగుడి చెవిలో అరిచి భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన ఆ హోరులోనే ఇంకో మేడ కట్టడం మొదలుపెట్టాడు.

డాక్టరు ఫీజు పుచ్చుకోలేదు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు:

"మా ఇంట్లో కూడా ఇలాంటి ఫ్యాన్లు బిగిస్తారా? నాబ్ మాత్రం వద్దు."