మేకపిల్ల కథకు మెరుగైన బొమ్మ

"ఇకమీదట మన పిల్లలెవరూ బొమ్మ చూడకుండా కథ చదవరు!" అని విద్యామంత్రిగారు చారిత్రక ప్రకటన చేశారు. అంతవరకూ పిల్లలు ఏం చూసి చదివేవాళ్ళో ఎవరూ అడగలేదు.

డ్రాయింగ్ టీచరమ్మ మాత్రం నిజంగానే సంబరపడింది. పన్నెండేళ్ళుగా టెంపరరీ ఉద్యోగం చేస్తూ ఆమె నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నది అదే: "కథ నోరు మెదపని చోట బొమ్మ మాట్లాడాలర్రా!" మూడో తరగతి వాచకంలో ఒక కథకు బొమ్మ వేసే పని కూడా ఆమెకే దక్కింది. ఆ కథలో ఒక అమ్మాయి వానలో, తప్పిపోయిన మేకపిల్ల కోసం ఏడుస్తూ వెతుకుతుంటుంది. మేక ఎక్కడుందో కథ చెప్పదు. టీచరమ్మ గడ్డిమోపు వెనకాల రెండు చిట్టి కొమ్ములు వేసింది.

పుస్తకం అచ్చయి వచ్చింది. కొమ్ములు లేవు. ఆ చోట మంత్రిగారు చిరునవ్వుతో నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో తాడు, తాడు చివర మేకపిల్ల.

"ఇదేంటి సార్?" అంది టీచరమ్మ.

"వాచకాల కమిటీ ఇంప్రూవ్ చేసిందమ్మా. రేపు మంత్రిగారు మీ క్లాసుకే వస్తున్నారు. మీ ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు ఆయన దగ్గరే ఉంది. కాస్త చూసుకోండి" అన్నాడు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, ఆమె మేలు కోరి.

మర్నాడు మంత్రిగారు పిల్లల బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నారు. ఆ నిరాడంబరతకు కెమెరాలు చలించిపోయాయి.

"చెప్పమ్మా, కథలో లేనిది ఈ బొమ్మలో ఏముంది?" అని పక్కనున్న రెండు జడల పిల్లను అడిగారు.

"దొంగ ఉన్నాడండీ."

కెమెరాలు పిల్ల వైపు తిరిగాయి.

"మేక పోయిందని ఆ అమ్మాయి ఏడుస్తోంది కదండీ. ఈయనేమో తాడు పట్టుకుని నవ్వుతున్నాడు."

ఇన్‌స్పెక్టరు ముందుకు ఉరికాడు. "తప్పు! ఆయన మేకను కాపాడారు!"

"మరి ఇచ్చెయ్యచ్చుగా అండీ?"

మంత్రిగారు టీచరమ్మ వైపు తిరిగారు. "మీరు చెప్పండి. పాప చెప్పింది కరెక్టేనా?"

పన్నెండేళ్ళ టెంపరరీ ఉద్యోగం ఆమెకు గుర్తొచ్చింది. పక్కనే ఆ పిల్ల తనకేసి కళ్ళార్పకుండా చూస్తోంది.

"బొమ్మను బాగా చదివింది సార్."

మంత్రిగారు విశాల హృదయులు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. పర్మనెంటు ఫైలు మాత్రం ఆ సాయంత్రమే అటకెక్కింది.

వారం తిరక్కుండా సవరించిన వాచకాలు వచ్చాయి. బొమ్మ చెక్కుచెదరలేదు. కథ తీసేశారు. ఆ చోట ఖాళీ గీతలు గీసి, "బొమ్మను చూసి కథ మీరే రాయండి" అని అచ్చేశారు. పిల్లల కథలన్నీ నేరుగా మంత్రిగారి పేషీకి పంపాలట.

నలభై మంది పిల్లలు, ఒకరిది ఒకరు చూడకుండా, ఒకటే కథ రాశారు. టీచరమ్మ అక్షరదోషాలు మాత్రం దిద్ది, కట్ట కట్టి పంపించింది.