సూర్యుడికి గలీబు

ఆ ఉదయం రాజమౌళి వేసుకున్న పథకం చాలా చిన్నది. సిరిసిల్ల నుంచి వియ్యంకుడు సదానందం సూరత్‌లో రైలు దిగి డిండోలిలోని తన ఇంటికి వస్తాడు. డాబా మీది సోలార్ నీళ్ళతో వేడివేడిగా స్నానం చేస్తాడు. ఇవాళ తొట్టెలలో వేయబోయే మనవరాలిని ఎత్తుకుంటాడు. ఆపైన ఈ జన్మలో తన ఇంటి గీజరు గొప్పలు చెప్పడు.

రైలు మైలతో పసిబిడ్డను ముట్టుకోరాదని రాజమౌళి తల్లి వెంకటవ్వ నియమం. సదానందానికేమో ఉబ్బసం, చన్నీళ్ళు పడవు. కాబట్టి తాత చేతికి మనవరాలు రావాలంటే ముందు బకెట్టెడు వేడి నీళ్ళు రావాలి. పొయ్యి మీద కాచడానికి రాజమౌళి ఒప్పుకోడు. "మా ఇంట్ల నీళ్ళు కాగితే ఎండకే కాగాలె" అని వియ్యంకుడికి ఫోనులోనే శపథం చేసి ఉన్నాడు.

సోలార్ సంగతంతా అతను దాన్ని బిగించిన మహేశ్ దగ్గర శ్రద్ధగా నేర్చుకున్నాడు. అందులో రెండు రకాలు. ఒకటి గాజు గొట్టాలది. గొట్టంలో గొట్టం, నడుమ గాలి తీసేసిన ఖాళీ. ఫ్లాస్కులాగా వేడిని బయటికి పోనివ్వదు. రెండోది పలక రకం. అద్దం కింద నల్ల రేకు ఎండను తాగుతుంది, రేకుకు అతికిన రాగి గొట్టాల్లో నీళ్ళు కాగుతాయి, కాగినవి తేలికై పైనున్న ట్యాంకులోకి వాటంతట అవే ఎక్కుతాయి, చల్లవి కిందికి దిగుతాయి. ఉత్తరాయణ్ పతంగుల కోసం ఊరంతా డాబాలు తొక్కే సూరత్‌లో గాజు గొట్టాలు ఎన్నాళ్ళు బతుకుతాయని పలకనే పెట్టించుకున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ రాజమౌళి మరమగ్గాల మనిషి. షెడ్డులో కొత్త మిషను ఏది దిగినా ముందు గుడ్డ కప్పాలి, లేకపోతే దారాల నూగు దాన్ని మింగేస్తుంది. ఆ అలవాటుతోనే ఇంట్లో టీవీకీ, మిక్సీకీ, ఫ్రిజ్‌కీ గలీబులు తొడిగాడు. పైగా డాబా మీద పాండేసర మిల్లుల మసి. మహేశ్ బిగించి వెళ్ళిన సాయంత్రమే అద్దానికి కొలత తీసి, మందపాటి గుడ్డతో, నాలుగు మూలలా నాడాలతో గలీబు కుట్టించి కట్టాడు. కట్టి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాడు కూడా.

సదానందం వచ్చాడు. నల్లా తిప్పితే మంచులాంటి నీళ్ళు.

"జర ఎండెక్కనియ్ సదానందం బావా" అన్నాడు రాజమౌళి.

సదానందం వాకిట్లో కుర్చీ వేసుకుని, తన కోడలు, రాజమౌళి కూతురు నవత ఒళ్ళోని పిల్లను దూరం నుంచే చూస్తూ కూర్చున్నాడు. చేతులు చాచేవాడు, వెంకటవ్వ దగ్గేది, చేతులు వెనక్కి తీసుకునేవాడు. పాపం, ఆ పిల్లను ఎత్తుకోవడానికే అంత దూరం వచ్చాడాయన.

ఎండ నడినెత్తికి వచ్చినా నీళ్ళు వేడెక్కలేదు. రాజమౌళి కతర్‌గామ్‌లో ఉన్న మహేశ్‌కు ఫోన్ చేశాడు.

"కాకా, ధూప్ బరాబర్ పడ్తుందా?" అడిగాడు మహేశ్.

"డాబ అంత ఎండనే. కాళ్ళు చుర్రుమంటున్నయ్."

"అద్దం మీద దుమ్ముందా?"

"దుమ్మా! ఒక్క రవ్వ దొర్కితె నా పేరు మార్చుకుంట."

"అయితే పైపుల హవా నిండినట్టుంది. నేనొచ్చి చూస్త. ఏం ముట్టకుండ్రి."

పాండేసర మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసే బామ్మర్ది నరహరికి ఆ 'ముట్టకుండ్రి' నచ్చలేదు. "గాలి తీసుడు నాకు రాదా బావా? పానా ఇయ్యి" అని డాబా ఎక్కాడు. గాలి గొట్టమనుకుని ట్యాంకు అడుగు బిరడా విప్పాడు. ట్యాంకెడు చన్నీళ్ళు డాబా తూములోంచి దూకి, సరిగ్గా దాని కిందే కుర్చీలో ఉన్న సదానందాన్ని ముంచేశాయి.

"సచ్చిపోయిన్రో!" అని కేకపెట్టాడు సదానందం.

"నర్హరీ, ఆరిన బట్టేదన్న పడెయ్ రా!" వెంకటవ్వ అరిచింది.

డాబా మీద ఆరిన బట్ట ఒక్కటే ఉంది. నరహరి నాడాలు తెంపి కిందికి విసిరాడు. వెంకటవ్వ దాన్ని వియ్యంకుడికి చుట్టేసింది.

"అయ్యో, అది అద్దం గలీబే! మసి పడ్తది!" అన్నాడు రాజమౌళి. వణికే వియ్యంకుడి ఒంటి మీది గుడ్డ లాగలేకపోయాడు. నరహరి బిరడా బిగించి ట్యాంకు మళ్ళీ నింపాడు.

సదానందం తల తుడుచుకుని, "తానమైంది గద, పిల్లనియ్యండి" అన్నాడు. నీళ్ళు వేడిగానే ఉండాలని వెంకటవ్వ నియమంలో లేదు. ఇచ్చింది. ఆయనకు దగ్గు కూడా రాలేదు.

పొద్దు వాలుతుండగా మహేశ్ వచ్చి, నల్లా కింద చెయ్యి పెట్టి కెవ్వుమన్నాడు.

"మజాక్ చేస్తున్నవా కాకా? సలసల కాగుతున్నయ్!"

"చూసినవా, గాలి తీసిన గద" అన్నాడు నరహరి. రాజమౌళి ఛాతీ పొంగింది. వియ్యంకుడి ముందు నిలబడి నల్ల రేకు ఎండను ఎలా తాగుతుందో మొదటి నుంచి చెప్పాడు. సదానందం ఓపిగ్గా విని, తన భుజం మీది నాడాను వేలికి చుట్టుకుంటూ అడిగాడు.

"రేకు ఎండ తాగుతదంటివి. మరి దాని మూతికి గిది ఎందుకు కట్టినవ్ బావా?"

మహేశ్ ఆ గుడ్డను చూశాడు, రాజమౌళిని చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు. రాజమౌళి మాత్రం, "పోనీ, ఇప్పుడన్న జర ఎచ్చని నీళ్ళు పోసుకో బావా" అని బతిమాలాడు.

"నాకెందుకింక? ఎప్పుడో అయిపాయె."

అంతలో సదానందం ఉలిక్కిపడ్డాడు. ఒళ్ళో పిల్ల, పిల్ల కింద గలీబు, గలీబు కింద ఆయన, అన్నీ తడిశాయి. "ఇగ తానం చెయ్యక తప్పది" అంది వెంకటవ్వ. రాజమౌళి ఆనందంగా బకెట్ పట్టుకుని పరుగెత్తాడు.

అయితే సదానందానికి ఆ ఇంట్లో మొదట వేడి నీళ్ళు అందించిన గౌరవం మాత్రం మనవరాలికే దక్కింది.