మొదట నచ్చిన మనిషి

ఆదివారం పొద్దున సుందరరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా భార్య మునికుమారి కంప్యూటరు ముందు కూర్చుని తన బ్లాగులో నాలుగు వాక్యాలు రాస్తుంది. పదింటికి ఇద్దరూ బండి మీద బంగారుపాళ్యం పోయి, స్నేహితుడి తోటలో ఆవకాయకు కాయలు కోసుకొస్తారు. అంతే.

మునికుమారి పాకాలలో తెలుగు టీచరు. చిత్తూరు నుంచి రోజూ బస్సులో పోయివచ్చేది. దారిలో చూసిన మనుషుల గురించీ, చెవిన పడ్డ మాటల గురించీ 'కిటికీ సీటు' అనే బ్లాగులో టపాలుగా రాసేది. చదివేవాళ్ళు బాగానే ఉండేవారు. రెండేళ్ళ కిందట అత్త సుబ్బులమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను, ఇల్లు మారడం, బడిలో హెడ్మాస్టరు బాధ్యతలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. బ్లాగు అక్కడే ఆగిపోయింది.

నిన్న సాయంత్రం బడి వాచ్‌మన్ ఒక ఉత్తరం తెచ్చిచ్చాడు. సెలవులు కదాని పన్నెండు రోజులు తన దగ్గరే భద్రంగా ఉంచాడట. తిరుపతి నుంచి ఒక ప్రచురణకర్త రాశారు. 'కిటికీ సీటు'లోని ముప్ఫై టపాలు పుస్తకంగా వేస్తామన్నారు. రాసింది మీరేనని మాకు రుజువుగా మే పదిహేడు సాయంత్రం అయిదులోపు మీ బ్లాగులోనే సమ్మతి తెలియజేయండి, లేకుంటే ఆ చోటు ఇంకొకరికి ఇస్తాం అన్నారు. పదిహేడంటే ఈ ఆదివారమే. కింద ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే ఎత్తే దిక్కు లేదు.

తొమ్మిదీ పదికి మునికుమారి బ్లాగుకూ మెయిలుకూ ఒకటే అయిన పాస్‌వర్డు కొట్టింది. తప్పన్నది. ఇంకోటి కొట్టింది. అదీ తప్పే.

"ఏమండీ, నాకు ఒక్కటీ గుర్తు రావట్లేదు," అంది.

"దానికేముండాది, మర్చిపోయినోళ్ళకు ఒక దోవ పెట్టుంటారు, జరుగు," అని సుందరరాజు కుర్చీలో కూర్చున్నాడు. అక్కడొక మీట నొక్కితే ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. జవాబు సరిగ్గా చెబితే తలుపు తెరుచుకుంటుంది. అయిదు అవకాశాలు. అయిదూ తప్పితే మర్నాటి దాకా తాళమే.

మీ మనసుకు మొట్టమొదట నచ్చిన మనిషి పేరేమిటి? ఇదీ ప్రశ్న.

సుందరరాజు చిన్నగా నవ్వుకున్నాడు. కాలరు సర్దుకుని తన పేరు కొట్టాడు. తప్పన్నది. ఇంటిపేరుతో కలిపి కొట్టాడు. తప్పన్నది. ఉత్త 'రాజు' కొట్టాడు. నవ్వు అప్పటికే ఎటో పోయింది.

"మా నాయన పేరు కొట్టండి," అంది మునికుమారి.

అదీ తప్పే. ఇక మిగిలింది ఒక్కటి.

సుందరరాజు చేతులు తీసేసి భార్య వైపు తిరిగాడు. "నేను గాదు, మీ నాయనా గాదు. మరింకెవురు?"

"నాకేం తెలుసు? ఆ ప్రశ్న చూసిన గుర్తే లేదు నాకు."

"కాలేజీలో ఎవురన్నా..."

"ఆడోళ్ళ కాలేజీ నాది."

"నువ్వు రాసిన ప్రతిదానికీ కింద బాగుండాది, బాగుండాది అని రాస్తా ఉన్న ఆ 'బాటసారి' అనేవాడు ఎవురు?"

"పెంచలయ్య మాస్టారు. అరవై నాలుగేళ్ళు. అయినా బ్లాగు పెట్టకముందు తెరిచిన మెయిలుకు బ్లాగు చదివినోళ్ళ పేరు ఎట్ల పెడతానండీ? రవ్వంత ఆలోచన చేయండి!"

ఆలోచన చేసే స్థితిలో సుందరరాజు లేడు. పధ్నాలుగేళ్ళ కాపురంలో తాను రెండో మనిషినని ఒక యంత్రం మొహం మీదే చెప్పింది. పదిన్నర దాటింది. తోట సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఇవన్నీ వంటింట్లోంచి సుబ్బులమ్మ విన్నది. సగమే విన్నది. కోడలి మనసులో మొదట ఎవరో ఉన్నారని, వాడి పేరు చెప్పమంటే చెప్పడం లేదని ఆమెకు అర్థమైంది. ఒంటిగంటైనా ఎవరూ అన్నానికి లేవకపోయేసరికి, చేతికర్ర ఊనుకుంటూ ముందుగదిలోకి పోయి, మునికుమారి తమ్ముడు నరేంద్రకు ఫోను చేసింది.

"నాయనా, నువ్వు ఉన్నపళాన రా. మీ యక్క ఎవురి పేరో దాస్తా ఉండాది. మావోడు అన్నం గూడా ముట్టలేదు. కాపురం సూస్తే ఈ పొద్దుతో సరి మాదిరుండాది."

నరేంద్రకు గాంధీ బొమ్మ దగ్గర నెట్ సెంటరు ఉంది. అయితే ఆ సమయానికి అతను మదనపల్లిలో పెళ్ళిభోజనంలో ఉన్నాడు. ఆకు ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, బస్సెక్కాడు. అక్క ఇల్లు చేరేసరికి నాలుగుంబావు. లోపల ముగ్గురూ మూడు గోడలకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. అన్నం గిన్నె మూత తీయలేదు.

"అక్కా, ఏం జరిగినా నేనుండాను," అన్నాడు రొప్పుతూ. "బావా, నువ్వు ఆవేశపడొద్దు. ఎవురు వాడు?"

"అదే కదప్పా నేనూ అడగతా ఉండేది," అన్నాడు సుందరరాజు.

మునికుమారికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఉత్తరం, ప్రశ్న, నాలుగు తప్పులు, అన్నీ గుక్క తిప్పుకోకుండా తమ్ముడికి చెప్పింది. నరేంద్ర తెర వైపు వంగి చూసి, నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఈ మెయిలు మా సెంటర్లో తెరిచిందే కదా! ఆ పొద్దు నువ్వు పక్కనే బళ్ళో మీటింగని పోయినావు. ఫారం మొత్తం కొట్టింది బావ. నేను ఈ కళ్ళతో చూసినాను."

మునికుమారి భర్త వైపు తిరిగింది.

సుందరరాజుకు మూడేళ్ళుగా గుర్తు లేని మధ్యాహ్నం మొత్తంగా కళ్ళ ముందుకొచ్చింది. ఫారం ఈ ప్రశ్నే అడిగింది. ఈ జవాబు ఎవరు చూడబోతారులే అనుకుని, నవ్వుకుంటూ తన మనసులోదే కొట్టేశాడు.

"అయితే మీకు తెలుసు," అంది మునికుమారి.

తెలియదనవచ్చు. ఏదో ఒక తప్పుడు పేరు కొట్టేస్తే తాళం పడుతుంది, తన ప్రాణం నిలుస్తుంది. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. మునికుమారి ఒళ్ళో ఉన్న ఉత్తరాన్ని మడతల మీదే మడిచి, "పోనీలెండి, ముప్ఫై మంది బస్సులో మనుషులు. పుస్తకమెక్కకుంటే వాళ్ళకేం నష్టం," అని బీరువా వైపు లేచింది.

సుందరరాజు కుర్చీ లాక్కున్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. వెనక నిలబడి నరేంద్ర పైకి చదివాడు.

"న-వీ-న."

తలుపు తెరుచుకుంది.

"ఎవురు రా నవీన?" అంది సుబ్బులమ్మ.

"డిగ్రీలో... తిరుపతికి ఒకే రైల్లో పోతా ఉంటిమి. ఒక్క మాట గూడా మాట్లాడలేదమ్మా, ఒట్టు!" భార్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఆరక్షరాలకు తక్కువైతే తీసుకోనన్నాది కుమారీ. రాజు అంటే ఇంగ్లీషులో నాలుగే."

మునికుమారి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "మునికుమారి అంటే పది," అంది.

ఆమె అతన్ని లేపి కూర్చుంది. నాలుగూ యాభై ఆరుకు సమ్మతి బ్లాగులో పడింది. సుబ్బులమ్మ కొడుకు వంక చూడకుండా కోడలికి అన్నం కలిపి తెచ్చిచ్చింది. నరేంద్ర తన వాటా అన్నం తానే వడ్డించుకున్నాడు.

రెండేళ్ళ విరామం తర్వాత ఏం రాయాలా అని మునికుమారి వెతుక్కోనక్కర లేకపోయింది. ఆ వారంలోనే ఆరు టపాలు రాసింది. ఆరింటినీ సుందరరాజు రెండేసి సార్లు చదివాడు. వ్యాఖ్య మాత్రం ఒక్కదానికీ పెట్టలేదు.