తేలే జాకెట్, తేలని తీర్పు

ఆ రోజు పొద్దున జడ్జిగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కోర్టుకు చేరాలి, పదింటిలోగా రెండు జాకెట్లలో ఒకటి ఎంచుకోవాలి, పదిన్నరకు బెంచి ఎక్కాలి. మొదటిదీ చివరిదీ ఆయనకు ఇరవై ఆరేళ్ళుగా అలవాటే. ఆ మధ్యది మాత్రం ఎన్నడూ చేసి ఎరగరు.

కోర్టు ఆవరణలో ఆయన్ని చాటుగా 'వాయిదాలయ్య' అంటారు. చట్టం తెలియక కాదు. ఒక లాయరు మాట్లాడుతుంటే న్యాయమంతా అతని వైపే ఉన్నట్టు తోస్తుంది. రెండో లాయరు లేస్తే ఇతను చెప్పేదీ నిజమే కదా అనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నప్పుడు మధ్యలో తల దూర్చడానికి తానెవరు? అందుకని వాయిదా. కాఫీయా, టీయా అని అడిగితే రెండింటి వాసనా చూసి మంచినీళ్ళు తాగే మనిషి. ఒక జడ్జిగారి గురించి ఇంత చనువుగా రాస్తే కోర్టు ధిక్కారం కాదా అని మీకు అనుమానం రావచ్చు. ఆయన ఏమీ అనుకోరు. అనుకోవాలో వద్దో తేల్చుకునేసరికి కథ అయిపోతుంది.

ఆయన భార్య ఈత నేర్పే టీచరు. పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్న సందర్భంగా సముద్రం అడుగుకు వెళ్ళి చేపల్ని చూసి రావాలని ఆవిడ పట్టుబట్టింది. సోమవారం పడవ. వారం రోజుల ప్రయాణం. కొలనులో శిక్షణ పూర్తయింది, ఇక మిగిలింది జాకెట్ ఒక్కటే. అది చలికి వేసుకునే జాకెట్ కాదు. అందులో గాలి నింపితే మనిషి తేలతాడు, గాలి వదిలితే మునుగుతాడు. అందులో రెండు రకాలు. ఒకదానికి గాలి ముందువైపూ పక్కలకూ నిండుతుంది, రెండోదానికి వెనక వీపు మీదే నిండుతుంది. ఆవిడ తనది కాఫీ చల్లారేలోపు ఎంచుకుంది.

జడ్జిగారు మాత్రం మూడు వారాలుగా నోట్సు రాస్తున్నారు. ముందుగాలి జాకెట్ వాది, వెనకగాలి జాకెట్ ప్రతివాది. 'నీళ్ళ మీద మనిషిని నిటారుగా నిలబెడతాను' అని వాది. 'ఈ పెద్దమనిషికి ఉన్న పొట్ట చాలదా, పైన గాలి కూడానా' అని ప్రతివాది. 'అతను మనిషిని బోర్లా పడేస్తాడు' అని వాది ఎదురుదాడి. నోట్సు నలభై పేజీలయింది.

"మునిగేది మీరు, తేలేది మీరు. తేల్చేది మాత్రం నేనా?" అంది భార్య, ఆ పొద్దున బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. "సాయంత్రంలోగా చెప్పకపోతే మా చెల్లెల్ని తీసుకెళ్తాను. దానికి ఈత అంతంతమాత్రమే గానీ, అవునో కాదో చెప్పడం బాగా వచ్చు."

ఆవిడ నవ్వుతూనే అంది గానీ జడ్జిగారికి చురుక్కుమంది. పాతికేళ్ళలో ఆవిడ అడిగిన ప్రతిదానికీ ఆయన 'చూద్దాం' అన్నారు. ఈసారి నిజంగానే ఆవిడతో వెళ్ళాలనుంది ఆయనకు.

వెళ్ళాలంటే సెలవు కావాలి. సెలవు ఇవ్వాల్సిన పెద్ద జడ్జిగారు ఆ రోజే తనిఖీకి వస్తున్నారు. ముందుగా ఒక ఉత్తరం పంపారు. అన్నదమ్ముల నడవ దావా ఇవాళ తేలితే సెలవు, తేలకపోతే 'నిర్ణయించే శక్తి లేదు' అని ఫైల్లో ఒక వాక్యం. ఆ దావా వయసు పదకొండేళ్ళు. ఒకే ఇంటిని అన్నదమ్ములు పంచుకున్నారు. అన్నది ముందు వాటా, తమ్ముడిది వెనక వాటా. రెంటికీ మధ్య మూడడుగుల నడవ ఎవరిదన్నదే తగాదా. నడవకు ఆ చివర ఒక తాళం, ఈ చివర ఒక తాళం. పదకొండేళ్ళుగా అందులో పిల్లి తప్ప ఎవరూ నడవలేదు.

తొమ్మిదింపావుకు డైవింగ్ కోచ్ వెనక గుమ్మం నుంచి జడ్జిగారి గదిలోకి వచ్చాడు. రెండు భుజాల మీద రెండు జాకెట్లు, చేతిలో గాలి సిలిండరు. అతన్ని లోపలికి పంపి తలుపు వేసిన బంట్రోతు అక్కడే నిలబడిపోయాడు. తలుపుకు చెవి ఆనించడం అతని ఉద్యోగంలో భాగం కాదు. కానీ ఆ ఉద్యోగంలో ఉన్న సుఖం అదొక్కటే.

"చూడు నాయనా, నాకు వెనకదే నయమనిపిస్తోంది," అంటున్నారు లోపల జడ్జిగారు. "ముందుదానితో ఊపిరాడదు. వెనకదే ఖాయం చేసేద్దాం."

బంట్రోతు వరండాలోకి పరుగెత్తాడు. ముందు వాటా అన్నగారి లాయరు చెవిలో ఊదేశాడు. "తీర్పు వెనకాయనకే. నా చెవులారా విన్నాను." అన్నగారు స్తంభం పట్టుకుని నిలబడ్డారు.

బంట్రోతు తిరిగి వచ్చేసరికి లోపల గాలి మారింది.

"అయితే వెనకది బోర్లా పడేస్తుందన్నావు చూడు, అది ఆలోచించాల్సిందే. ఈ వయసులో బోర్లా పడితే ఏం బాగుంటుంది? ముందుదే నిలబడుతుంది. ముందుదానికే ఇచ్చేద్దాం."

మళ్ళీ పరుగు. ఈసారి తమ్ముడి లాయరు చెవి. "మారిపోయింది సార్. ముందాయనకే ఇస్తున్నారు." తమ్ముడు బెంచీ మీద కూలబడ్డాడు.

"ఇంతకీ ఎవరో వెనక గుమ్మంలోంచి లోపలికి మోసుకెళ్ళిన ఆ సిలిండరు ఏమిటయ్యా?" అని అడిగాడు తమ్ముడు నీరసంగా.

బంట్రోతుకు తెలియదు. తెలియదని చెప్పడం అతని వంశంలో లేదు. "ఆక్సిజన్ అండీ," అన్నాడు. "పాపం, పొద్దుటి నుంచీ ఊపిరాడటం లేదట."

లోపల కోచ్ ముందుగాలి జాకెట్‌ను జడ్జిగారికి తొడిగి, బకిల్స్ బిగించి, సిలిండరు గొట్టం తగిలించాడు. "సార్, ఇక్కడ రెండు మీటలున్నాయి. ఒకటి గాలి నింపేది, ఒకటి వదిలేది. ఏదో ఒకటి నొక్కి చూడండి."

'ఏదో ఒకటి' అనే మాట ఈయన దగ్గర అనకూడదని కోచ్‌కు ఎవరూ చెప్పలేదు. జడ్జిగారు బొటనవేలు మొదటి మీట మీద నొక్కిపెట్టి, రెండో మీట గురించి ఆలోచించడం మొదలుపెట్టారు. జాకెట్ ఉబ్బింది.

"సార్, వేలు తీయండి!"

"తీసెయ్యమంటావా, రెండోదాని మీద పెట్టమంటావా?"

కోచ్ గొట్టం పీకేసేలోపు జాకెట్ డోలులా బిగిసింది. జడ్జిగారి చేతులు రెండూ పక్కలకు లేచి అలాగే ఉండిపోయాయి. సరిగ్గా అప్పుడే బెంచి గుమాస్తా తలుపు కొట్టాడు. "అయ్యగారూ, పెద్ద జడ్జిగారు ముందే వచ్చేశారు! బెంచి మీద మీ పక్క కుర్చీలో కూర్చున్నారు. వెంటనే రమ్మంటున్నారు."

"విప్పు, విప్పు," అన్నారు జడ్జిగారు గుసగుసగా.

"గాలి తీస్తే గానీ బకిల్ ఊడదు సార్. జాకెట్‌కే ఉన్న ఈ మీటల గొట్టం భుజం కంటే పైకెత్తి రెండో మీట నొక్కాలి."

"చప్పుడవుతుందా?"

"అవుతుంది సార్."

"ఎలాంటి చప్పుడు?"

కోచ్ తల దించుకున్నాడు. జడ్జిగారికి అర్థమైంది. గుమాస్తా గుమ్మం అవతలే ఉన్నాడు. ఇక చేసేదేమీ లేక జాకెట్ మీదే నల్లగౌను వేయించుకుని, ఆ మీటల గొట్టం గౌను ఎడమచేతి లోపలికి దోపుకుని, పక్కవాటుగా తలుపు దాటారు.

ఆయన బెంచి ఎక్కగానే కోర్టంతా ఆయన వైపే తిరిగింది. నిన్నటి దాకా వంగి నడిచిన మనిషి ఇవాళ ఛాతీ విరుచుకుని, మెడ నిటారుగా పెట్టి కూర్చున్నారు. మొహం ఎర్రగా ఉంది. అది కోపమేనని లాయర్లు అనుకున్నారు. నిజానికి ఊపిరి ముక్కు దాకా వచ్చి వెనక్కి పోతోంది.

అన్నగారి లాయరు లేచాడు. "అయ్యా, పదకొండేళ్ళుగా మా క్లయింటు..."

జడ్జిగారు భరించలేక ఎడమచెయ్యి పైకెత్తి మీట నొక్కారు. బుస్స్‌స్ మంది. సిగ్గేసి వెంటనే వేలు తీసేశారు. లాయరు నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. వాయిదా తేదీ కోసం క్యాలెండరు వైపు చూపించడానికి తప్ప ఆ చెయ్యి పైకి లేవడం ఎవరూ చూడలేదు. పైగా బుస. లాయరు కూర్చున్నాడు.

తమ్ముడి లాయరు లేచాడు. "అయ్యా, నా మనవి ఏమిటంటే..." ఈసారి జడ్జిగారు ఏమీ చేయలేదు. ఎక్కువైన గాలిని తనంతట తానే వదిలే బిరడా ఒకటి ఆ జాకెట్‌కు ఉంది. అది 'బుర్ర్' మంది. లాయరు మనవి చేయకుండానే కూర్చుండిపోయాడు. పెద్ద జడ్జిగారు తన పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

వెనక వరుసలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే ఉన్నారు. పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి తమ్ముడే మాట కలిపాడు.

"అన్నయ్యా, ఆయన వాలకం చూశావా? లోపల ఆక్సిజన్ పెట్టారట."

"చూస్తున్నాన్రా. ఊపిరి ఎలా బుస కొడుతోందో చూడు. ఈ పూట గడిచేలా లేదు."

"ఆయనకేమైనా అయితే కొత్తాయన వస్తాడు. మళ్ళీ మొదటి సాక్షి నుంచీ మొదలు."

"మొదటి సాక్షి పోయి ఆరేళ్ళయింది కదరా."

"అదే అంటున్నా."

ఇద్దరూ కాసేపు తీర్పు గురించి ఆలోచించారు. అది తనకే వ్యతిరేకంగా రాబోతోందని ఎవరికి వారికే తెలుసు. తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అదే సమయంలో బెంచి మీద ఒక వింత జరుగుతోంది. పక్కటెముకల మీద అంత ఒత్తిడి ఉన్నప్పుడు రెండు వైపులా ఆలోచించడానికి చోటుండదు. జడ్జిగారికి నడవ దావాలో ఏం చేయాలో జీవితంలో మొదటిసారి స్పష్టంగా తెలిసిపోయింది. ఇంత తేలికా అని ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్ళూ తాను భయపడింది దీనికా అని నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది. సెలవు కళ్ళ ముందు కనిపించింది, పడవలో పక్కన భార్య కనిపించింది. గొంతు సవరించుకుని, "తీర్పు చెబుతున్నాను," అన్నారు.

"వద్దయ్యా!" అన్నదమ్ములిద్దరూ ఒకేసారి లేచారు. "రాజీ! మేం రాజీ పడుతున్నాం. నడవ ఇద్దరిదీ. రెండు తాళాలూ ఇవాళే తీసేస్తాం. మీరు మాత్రం ఆయాసపడకండి. ఇంటికెళ్ళి పడుకోండి."

గుమాస్తా చేతిలో కలం జారిపోయింది. జడ్జిగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళకు ఒక్క తీర్పు సొంతంగా పండితే అది గొంతులోనే ఉండిపోయింది. నిజం చెప్పాలంటే, ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ తీర్పేమిటో ఈనాటి వరకూ ఎవరూ ఆయన్ని అడగలేదు.

రాజీ పత్రం మీద సంతకాలయ్యాక పెద్ద జడ్జిగారు ఆయన వెంటే గదిలోకి వచ్చారు. కోచ్ సిలిండరుతో సహా బీరువా వెనక నక్కాడు.

"మిమ్మల్ని గురించి ఏమేమో విన్నానయ్యా. అన్నీ అబద్ధాలు," అన్నారు పెద్దాయన. "ఒక్క చెయ్యెత్తి ఇద్దరు లాయర్ల నోళ్ళు మూయించారు. తీర్పు అనే మాట వినగానే కక్షిదారులు కాళ్ళ బేరానికొచ్చారు. గుండె అంటే అదీ!" అని మెచ్చుకోలుగా ఛాతీ మీద చరిచారు. 'బుస్స్‌స్‌స్' మని చాలాసేపు వినిపించింది.

"ఏమిటా చప్పుడు?"

"నిట్టూర్పు సార్."

"మీకు వినయం కూడా ఎక్కువే."

"మరి నా సెలవు సార్..."

"మీలాంటివారికి సెలవా! పాత దావాల కోర్టు ఒకటుంది. నాలుగువేల కేసులు, ఒక్కటీ తేలలేదు. మీకంటే తగినవారు లేరు. సోమవారమే చేరండి. కాదనకండి." కాదనడం జడ్జిగారికి ఎప్పుడు చేతనైంది గనక?

సాయంత్రం భార్య ఈ కథంతా విని, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వి, పొట్ట పట్టుకుని కూర్చుంది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంది. "పోనీ నేనూ మానేస్తానండీ," అంది చివరికి, మెల్లగా.

"వద్దు. నువ్వు వెళ్ళు," అన్నారు జడ్జిగారు. ఆ మాట చెప్పడానికి ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. ఆవిడ ఆశ్చర్యపోయి ఆయన వైపు చూసింది, చెయ్యి పట్టుకుంది, ఆ తర్వాత చెల్లెలికి ఫోన్ చేసింది. మరదలు తన జాకెట్ ఫోన్లోనే, ఒక్క నిమిషంలో ఎంచుకుంది.

సోమవారం పడవ ఆ అక్కచెల్లెళ్ళిద్దరితో కదిలింది. కోచ్ వదిలి వెళ్ళిన రెండు జాకెట్లూ ఇప్పటికీ ఇంట్లో ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయి. ఇరుపక్షాల వాదనలూ పూర్తిగా విన్న మీదట, వాటి సంగతి వచ్చే నెల పధ్నాలుగుకు వాయిదా వేశాను.