కొత్త చెవులతో పదిహేను రోజులు

మీరు నవ్వుతారని తెలిసే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. కానీ మిరజ్‌లో గుండె ఆస్పత్రి మంచం మీద నేను చొక్కా లేకుండా పడుకున్నానన్న కబురు మన ఇచల్‌కరంజి అంతా పాకిపోయింది. ఎవరో నాలుగు కలిపి చెప్పేకంటే నేనే రెండు తగ్గించి చెప్పడం మేలు. టీ చెప్పండి, కూర్చుంటాను.

ముప్పై ఎనిమిదేళ్ళు మరమగ్గాల షెడ్డులో పనిచేశాను. మగ్గం మొరాయిస్తే దారికి తేవడం నా ఉద్యోగం. ఇరవై నాలుగు మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే, దేవుడు పక్కన నిలబడి వరమిస్తానన్నా పెదవులు చూసి తెలుసుకోవలసిందే. చివరికి షెడ్డు నన్ను వదిలింది గానీ దాని మోత నా చెవులను వదల్లేదు.

మా ఆవిడ హౌసాబాయి అదే షెడ్డులో, మగ్గాల పక్క వరుసలో కూర్చుని కండెలు చుట్టేది. ఆమె గొంతు పెద్దది. మిల్లు కూతను మన ఊళ్ళో భోంగా అంటారు. వీధిలోవాళ్ళు ఆమెను చాటుగా 'భోంగా వదిన' అంటారు. పైగా, "పాపం, చెవిటి మొగుడితో అరిచి అరిచి గొంతు అలా అయిపోయింది" అని జాలిపడతారు. ఆ జాలి మీద ఆమె పాతికేళ్ళుగా మహారాణిలా బతుకుతోంది. నన్ను రోజుకు పదిసార్లు 'చెవిటి మాలోకం' అనకపోతే ఆమెకు అన్నం అరగదు.

మా అమ్మాయి విమల నన్ను కొల్హాపూర్ తీసుకెళ్ళి చెవి మిషన్లు పెట్టించింది. అమర్చిన పిల్ల చాలా బుద్ధిమంతురాలు. "తాతగారూ, మొదట రోజుకు రెండు గంటలే పెట్టుకోండి. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో మొదలుపెట్టండి. కంగారుపడకండి, మెదడు మళ్ళీ వినడం నేర్చుకోవాలి" అంది.

నిశ్శబ్దంగా ఉన్న ఇల్లు అంటే ఏ ఇల్లో ఆ పిల్ల చెప్పలేదు.

మొదటి రోజు పెట్టుకున్నాను. పేపరు తిప్పితే రేకుల షెడ్డు కూలినట్టయింది. చెప్పులేసుకుని నాలుగడుగులు వేస్తే వెనకాల ఎవరో వస్తున్నారని మూడుసార్లు తిరిగి చూశాను. అటుకులు నములుతుంటే నా దవడలే కంకర మిల్లు ఆడించాయి. దగ్గితే పీపాలోంచి ఎవరో పరాయివాడు దగ్గాడు. అన్నిటికీ మించి, కుక్కరు కూత. అది కూసినప్పుడు నేను మంచం మీద లేను, కింద ఉన్నాను.

"ఏమండీ, వినబడుతోందా?" అంది హౌసాబాయి, నా మొహంలోకి వంగి చూస్తూ.

ఇక్కడే నా బుర్ర పాడైంది.

చెవుడు వల్ల నాకు కొన్ని సౌకర్యాలు ఉండేవి, మీ దగ్గర దాపరికం ఎందుకు. పప్పు తెమ్మంటే ఉప్పు తెచ్చానని ఆమె నాకు బజారు పని చెప్పడం మానేసింది. పెళ్ళిళ్ళకు రమ్మనదు. ఇల్లు దులపమనదు. ఇప్పుడు వినబడుతోందని ఒప్పుకుంటే ఇరవై ఏళ్ళ బాకీ పనులన్నీ ఒక్క పూటలో మీద పడతాయి. పైగా నా వెనక ఏమనుకుంటారో వినాలన్న దురద ఒకటి.

"గుయ్యిమంటోంది, అంతే" అన్నాను. "మాటలు తెలియడానికి మూడు నెలలు పడుతుందట."

"నేను నోరు నొప్పెట్టేలా చెప్పినవే ఏనాడూ చెవిన పెట్టలేదు. ఇప్పుడు ఇవి చెవిన పెట్టి ఏం ఉద్ధరిస్తారు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మొదటిసారి ఆమె తిట్టు ఒక్క ముక్క పోకుండా విన్నాను. లోపల సంతోషంగానే ఉంది.

అలా నాలుగు రోజులు దొంగచెవులతో రాజ్యమేలాను. అయిదో రోజు పొద్దున ఆమె చెల్లెలు తానూబాయి జయసింగ్‌పూర్ నుంచి వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పెరటి మెట్ల మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నారు. నేను ముందు గదిలో పేపరు అడ్డం పెట్టుకుని చెవులు అటు పడేశాను.

హౌసాబాయి అంటోంది: "మిరజ్‌లో పరీక్ష చేశారే. నూటికి అరవై వంతులు పోయిందట."

"అయ్యో అక్కా. ఇక నయం కాదా?"

"పోయింది పోయినట్టేనట. ఉన్న నలభైతోనే లాక్కురావాలి. వచ్చే బుధవారం మళ్ళీ రమ్మన్నారు. ఆయనతో మాత్రం అనకు. తెలిస్తే..."

తెలిస్తే ఏమిటో నేను వినలేదు. కుక్కరు కూసింది.

నా చేతిలో పేపరు వణికింది. ఆ చప్పుడుకే ఇంకా భయమేసింది. అరవై వంతులు పోయేది ఏమిటి? గుండెనా, మూత్రపిండమా, ఊపిరితిత్తులా? లేచి వెళ్ళి అడుగుదామని రెండడుగులు వేసి ఆగిపోయాను. ఏమని అడగను? నాకేమీ వినబడదు కదా. అడగాలంటే ముందు నేను దొంగనని ఒప్పుకోవాలి. పోనీ ఒప్పుకుందామంటే, ఆయనతో అనకు అని చెల్లెలికి చెప్పిన మనిషికి నేను విన్నానని తెలిస్తే, మిగిలిన నలభై కూడా అక్కడికక్కడే పోతే?

ఆ రోజునుంచి నాకు తిండి సయించలేదు. నలభై మూడేళ్ళ సంసారంలో ఆమె లేని ఇల్లు ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఊహించలేదు. ఊహిస్తే అందులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఈ మిషన్లు పెట్టుకుని, గోడ గడియారం చప్పుడు వింటూ.

మర్నాడు ఆమె నీళ్ళ బిందె ఎత్తబోతే లాక్కున్నాను. చీపురు లాక్కున్నాను. రోట్లో మిరపకాయలు నేనే దంచి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుని, అరగంట వాకిట్లో గంతులేశాను. జొన్నరొట్టెలు నేనే చేస్తానని పీట వేసుకుని కూర్చున్నాను. నేను తట్టిన రొట్టె ఒక పక్క చెప్పు అట్ట, ఇంకో పక్క దోమతెర.

"ఏం మాయరోగం వచ్చింది మీకు?" అంది హౌసాబాయి.

రోగం అన్న మాట వినగానే నా చేతిలో పిండి ముద్ద జారి పొయ్యిలో పడింది. ఆమె నన్ను ఒకసారి తేరిపార చూసింది. పక్కకు జరిగి, కాలు మీద కాలు వేసుకుని, "అంచులు పగలకూడదు, చేతులు తడి చేసుకోండి" అని పురమాయించింది. ఇంత నీరసంలోనూ ఎంత ఓర్పో అనుకుంటూ ఇంకో ముద్ద తీసుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె గోడవైపు తిరిగి కునుకు తీస్తోంది. అరవై వంతులు పోయింది ఊపిరితిత్తులేమో తేల్చుకుందామని మిషన్ మోత పూర్తిగా పెంచి, మెల్లగా వంగి, ఆమె వీపుకు చెవి ఆనించాను.

కీచుమని ఈల. నా ప్రాణం పోయినంత పనైంది. చెవి తీస్తే ఈల ఆగింది. మళ్ళీ ఆనిస్తే మళ్ళీ ఈల. ఇంత ఈల వేసే ఊపిరితో ఈ మనిషి ఇన్నాళ్ళూ ఇంటెడు చాకిరీ ఎలా చేసిందో అని కళ్ళనీళ్ళు తిరిగాయి. మిషన్‌కు ఏదైనా అడ్డుగా ఆనితే అదే ఈల వేస్తుందని కొల్హాపూర్ పిల్ల చెప్పే ఉంటుంది. నేనే విని ఉండను.

నా కన్నీటి బొట్టు మెడ మీద పడి ఆమె లేచింది. "ఏమిటిది?"

"దోమ" అన్నాను ఠక్కున. అన్నాక నాలుక కరుచుకున్నాను. చెవిటివాడు అంత తొందరగా జవాబు చెప్పకూడదు. ఆమె మాత్రం ఏమీ పట్టనట్టు, "దోమ ఏడుస్తోందా" అని మళ్ళీ పడుకుంది.

బుధవారం వచ్చింది. "తానూ దగ్గరికి వెళ్ళొస్తాను" అని నా మొహం ముందు చేతులూపి చెప్పి బయల్దేరింది. నేను తువ్వాలు తలకు చుట్టుకుని అదే బస్సు వెనక సీట్లో కూర్చున్నాను. ఆమె జయసింగ్‌పూర్‌లో దిగలేదు. మిరజ్‌లో దిగింది. నా అనుమానం నిజమే అయిందని నేనూ వెనకే దిగాను.

స్టాండు ఎదురుగా ఒక మూడంతస్తుల కట్టడంలోకి వెళ్ళింది. ఆ జనంలో రెండు నిమిషాలు వెనకబడ్డాను. నేను మెట్లెక్కేసరికి ఆమె లేదు. మొదటి అంతస్తు తలుపు మీద ఎర్రగా పెద్ద గుండె బొమ్మ. అంతకంటే రుజువు ఏం కావాలి? చెప్పులు గుమ్మం ముందు విడిచి లోపలికి వెళ్ళాను.

లోపల సంత. మిషన్లలో వంద గొంతులు, ఫోన్లు, కుర్చీల కీచులు ఒకే ముద్దగా పడ్డాయి. ఒక్క మాట విడిగా తెలియలేదు. బల్ల దగ్గర అమ్మాయితో "హౌసాబాయి మగ్దూం" అన్నాను. ఆమె ఏదో అడిగింది. చెవిటివాళ్ళకు అన్ని ప్రశ్నలకూ పనికొచ్చే జవాబు ఒకటుంది. "అవును" అన్నాను.

ఆమె గుండె మీద చెయ్యి పెట్టి చూపించి ఇంకేదో అడిగింది. "అవును, అదే" అన్నాను. ఎడమ చెయ్యి చూపించి అడిగింది. "అవును." చెమట కూడా పట్టి ఉందాయె. ఇద్దరు మనుషులు వచ్చి నన్ను బండి మీద పడుకోబెట్టారు.

చొక్కా విప్పారు. నర్సు చెవులు చూపించి తీసెయ్యమంది. రెండు మిషన్లూ చొక్కా జేబులో వేసింది. రొమ్ము మీద చల్లటి బిళ్ళలు, వైర్లు. కదలొద్దని చేత్తో నొక్కింది. లోకం మళ్ళీ దూది ముద్ద అయింది. ఆమెను వెతకడానికి వచ్చి నేను పడుకున్నాను, ఆమె ఏ గదిలో ఉందో అని నా గుండె ఎంత కొట్టుకుందంటే, కాగితం మీద గీతలు చూసి ఆ నర్సు పరుగున వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది.

సరిగ్గా అప్పుడే హౌసాబాయి గుమ్మంలో కనబడింది. మెట్లు దిగుతూ, నీలం నూలుతో నేను కుట్టుకున్న చెప్పు వారు చూసి గుర్తుపట్టిందట. నన్ను ఆ వైర్లలో చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. కొంగు అడ్డమైతే పెదవులు చదవడానికి నాకు వీలుపడదు. తర్వాత జరిగిన సంభాషణ నాకు నర్సు చెప్పగా తెలిసిందే.

"మీకేమయిందండీ?" అందట ఆమె.

"నీ గుండె అరవై వంతులు పోయిందని నాకు తెలుసు" అని నేను అరిచాను.

"గుండీ పోతే పోయింది, కుట్టిస్తాను. మీకేమయిందో చెప్పండి."

"నువ్వు పోతే నేను బతకను, హౌసా."

"ఎక్కడికీ పోను, ఇక్కడే ఉన్నాను. బాత్రూముకు వెళ్ళాలా?"

ఆమె గొంతు మీకు తెలుసు కదా. నా గొంతూ తక్కువది కాదు. పక్క మంచం మీది ముసలాయన నవ్వాపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. అతని తలవైపు ఉన్న యంత్రం గణగణ మోగడం మొదలుపెట్టింది.

నర్సు వచ్చి నా జేబులోంచి మిషన్లు తీసి నా చేతిలో పెట్టింది. "ఇది గుండె జబ్బుల వార్డు. మీరిద్దరూ మాట్లాడుకుంటే నాకు నలుగురు పేషెంట్లు పోతారు. ముందు ఇవి పెట్టుకోండి" అంది.

నేను పెట్టుకున్నాను. హౌసాబాయి సంచిలోంచి ఒక కొత్త డబ్బా తీసింది. అందులోనూ రెండు మిషన్లు ఉన్నాయి.

"ఇవెవరివి?" అన్నాను.

"నావి. పై అంతస్తులో ఇవాళే ఇచ్చారు."

"అరవై వంతులు పోయింది..."

"చెవులు. మీరేమనుకున్నారు?"

నేను ఏమనుకున్నానో నా రొమ్ము మీది వైర్లే చెప్పాయి. ఆమె నా చొక్కా తెచ్చి, నర్సు వద్దంటున్నా, తనే తొడిగింది. గుండీలు కూడా పెట్టింది.

తిరుగు బస్సులో ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆమెకు పదిహేనేళ్ళుగా సరిగ్గా వినబడదు. నన్ను చెవిటి మాలోకం అన్న నోటితో నాకూ చెవుడే అని చెప్పలేక, ఎదుటివాళ్ళకు మాట్లాడే సందే ఇవ్వకుండా నెట్టుకొచ్చింది. తనే మాట్లాడుతూ ఉంటే వినవలసిన పని ఉండదు కదా. చెల్లెలితో ఆ రోజు గుసగుసగానే చెప్పాననుకుందట. ఆ గుసగుస మూడిళ్ళ అవతలకి వినబడుతుందని పాపం ఆమెకెలా తెలుస్తుంది?

"మరి నాకు వినబడుతోందని నీకెప్పుడు తెలిసింది?" అన్నాను, తెలిసి ఉండదన్న ఆశతో.

"మూడో రోజు. నేను రొట్టె తడుతుంటే మీరు గుమ్మంలో కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు. నాకు చెవులు లేవు గానీ కళ్ళున్నాయి."

"అప్పుడే అడగొచ్చుగా."

"అడుగుదామనే అనుకున్నాను. ఇంతలో మీరు చీపురు పట్టుకున్నారు. మా చెల్లెలితో అన్నది మీ చెవిన పడింది, నా చెవుడు సంగతి తెలిసి కూడా ఎగతాళి చేయకుండా పనులు చేసి పెడుతున్నారు, ఎంత మంచి మనిషి అనుకున్నాను. మంచితనాన్ని మధ్యలో ఆపడం పాపమండీ."

పది రోజులు. బిందెలు, మిరపకాయలు, రొట్టెలు.

మర్నాడు పొద్దున ఆమె మొదటిసారి మిషన్లు పెట్టుకుని నా ఎదురుగా కుర్చీ వేసుకుంది. పంపు నీళ్ళ చప్పుడుకు ఉలిక్కిపడి నా మోచెయ్యి పట్టుకుంది. "ఇంత చప్పుళ్ళలో ఉన్నామా మనం" అంది. భయపడకు, నాలుగు రోజులే అలా ఉంటుంది అన్నాను. నా గొంతు విని వింతగా చూసింది.

"మీ గొంతు ఇలా ఉంటుందా? మర్చిపోయాను. ఏదైనా మాట్లాడండి, వింటాను."

పెళ్ళయిన నలభై మూడేళ్ళకు ఆమె నన్ను మాట్లాడమంది, తను వింటానంది. చెప్పవలసినవి ఎన్నో ఉన్నాయి. ఆ పది రోజులూ నేనెంత భయపడ్డానో చెప్పాలి. ఆమె కళ్ళు నా పెదవుల మీద కాకుండా నా కళ్ళలోకి చూస్తున్నాయి. "టీ పెట్టనా?" అన్నాను.

"స్పష్టంగా వినబడింది" అంది హౌసాబాయి. "పెట్టండి. అలాగే సాయంత్రం రొట్టెల పిండి కూడా కలిపేయండి."