దొరగారికి వెళ్లొస్తానని చెప్పకూడదు

ఆ రోజుకి తాళాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఇంట్లోంచి బయటికి వెళ్లాలి. వెంటనే లోపలికి రావాలి. మళ్లీ వెళ్లాలి, మళ్లీ రావాలి. సాయంత్రం దాకా అదే పని. చీకటి పడేముందు అసలు పరీక్ష. అందులో తప్పితే ఇంట్లో ఒక ప్రాణి తగ్గిపోతుంది.

ఆ ప్రాణి పేరు దొరగారు. గోధుమరంగు కుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది పడుకుని ఉంటుంది. పాత తాళాలు విప్పి, కొత్త తాళంచెవులు చేసే ఆయన కొట్టు ముందు, ఓ వానరోజున ఎవరో మహానుభావులు గొలుసుతో స్తంభానికి కట్టేసి, గొలుసుకి తాళం వేసి, తాళంచెవి పట్టుకుని వెళ్లిపోయారు. తాళాలాయన ఆ తాళం విప్పాడు. విప్పినవాడే తన మనిషని దొరగారు అప్పటికప్పుడు తీర్మానించుకుని, ఆయన వెనకే ఇంటికి నడిచి, ఆయన కుర్చీలోనే కూర్చున్నారు. కూర్చున్న తీరు చూసి భార్య ఆ పేరు పెట్టింది. పేరులో గారు ఉన్నాక మర్యాదగా మాట్లాడక తప్పుతుందా!

అంతా బాగానే ఉంది కానీ, తాళంచెవుల గుత్తి గలగలమంటే చాలు, దొరగారికి కాళ్లు వణికేవి. తాళాలాయన గడప దాటితే ఇక చూసుకోండి. భార్య పక్కనే ఉన్నా సరే, ఆకాశం వంక మూతి ఎత్తి అందుకునే రాగానికి నాలుగు వీధుల అవతల ఫైరింజనువాళ్లు టోపీలు పెట్టుకుని బండెక్కి కూర్చునేవాళ్లు. తలుపు కిందిచెక్క గోకి గోకి దువ్వెనలా చేశారు. ఆయన చెప్పుల్లో ఎడమవి ఒక్కటీ మిగలలేదు. మొదట మొగుడూ పెళ్లాలు బతిమాలారు. తర్వాత, ఇంటికి రాగానే చెప్పు చూపించి తిట్టారు. దాంతో వెళ్తే ఒక భయం, వస్తే ఇంకో భయం పట్టుకుని, దొరగారు రెండు పూటలా ఊళపెట్టడం మొదలుపెట్టారు.

పైవాటాలో ఇంటావిడ, అంటే వీళ్లుండే ఆ అద్దె ఇంటి యజమానురాలు, ఉంటుంది. కుక్క అరిస్తే కర్రతో నేల బాదుతుంది. ఆవిడ బాదితే కుక్క ఇంకా అరుస్తుంది. ముందురోజు ఆ కర్ర విరిగింది. విరిగిన ముక్క పట్టుకునే కిందికి దిగింది.

"రేపు సాయంత్రం నేను మెట్లమీద కూర్చుంటాను. నువ్వు వీధి చివరి దాకా వెళ్లి రా. ఈలోగా అది నోరు విప్పిందా, ఎల్లుండి ఇక్కడ ఉండదు."

చిత్రమేమిటంటే ఆవిడకి తాళాలాయన లేకపోతే పూట గడవదు. ఆవిడ తలుపు మూస్తే దానంతటదే తాళం పడిపోయే రకం. తాళంచెవి లోపల మరిచిపోవడం ఆవిడకి ఊపిరి పీల్చుకున్నంత తేలిక. ఆ మొండితాళాన్ని పగలగొట్టకుండా విప్పడం తాళాలాయనకి తప్ప ఎవరికీ చేతకాదు.

ఆ కంగారులోనే మొగుడూ పెళ్లాలు దొరగారిని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ కుక్కకంటే ముందు తాళాలాయన చేతులు చూసింది. అవే ఎక్కువ వణుకుతున్నాయి.

"ఇది పొగరు కాదండీ, భయం," అంది. "మీరు వెళ్తే మళ్లీ రారని దాని నమ్మకం. తిడితే పోదు, అలవాటు చేస్తే పోతుంది. తాళంచెవుల గుత్తి తీయండి, వెళ్లకుండా కూర్చోండి. దానికి విసుగు పుట్టేదాకా అదే చేయండి. తర్వాత గడప దాటండి, అది బెదిరేలోపే వచ్చేయండి. వెళ్తూ ముద్దుల్లేవు, వస్తూ ముద్దుల్లేవు. మాటొద్దు, చూపొద్దు. ఇంట్లోవాళ్లు కూడా అంతే."

"నేను కూడానా?" అంది భార్య. ఆవిడది వెన్నలాంటి మనసు. ఆయన వీధిచివర ఉప్పు కొనడానికి వెళ్లినా కళ్లు తుడుచుకునే రకం.

"మీరైతే అసలు ఆయన వంకే చూడకండి. మీరు బెంగపడితే అది రెండింతలు పడుతుంది. ఒక్కరోజులో కుదిరే పని కాదు కానీ, ప్రయత్నించండి."

ఆ చివరిమాట ఇద్దరూ విననట్టే వచ్చేశారు. తెల్లారగానే భార్య తన కుట్టుమిషన్ని గోడవైపు తిప్పుకుంది. తాళాలాయన రాయిలాంటి మొహం ఒకటి తయారుచేసుకుని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మొదలుపెట్టాడు.

మొదట గుత్తి తీశాడు, కూర్చున్నాడు. దొరగారు వణికారు. మళ్లీ తీశాడు, మళ్లీ కూర్చున్నాడు. ఎండ కిటికీలోంచి గదిలోకి దిగేసరికి దొరగారి వణుకు తగ్గి, ఈయనకి ఏమైందన్న అనుమానం మొదలైంది. అప్పుడు గడప దాటి, ఒక్క గుక్క ఊపిరి పీల్చి లోపలికి వచ్చాడు. భార్య తలెత్తలేదు. తర్వాత రెండు గుక్కలు. తర్వాత గేటు. ప్రతిసారీ ఆయన గుండె గుత్తికంటే గట్టిగా గలగలమనేది. మొహం మాత్రం రాయి.

ఎదురుగా ఇస్త్రీ కొట్టు. ఇస్త్రీ అక్క కళ్లు బట్టల మీద ఉంటే మడతలు పోతాయి, వీధి మీద ఉంటే కాపురాలు పోతాయి. పొద్దున్నుంచీ చూస్తోంది. తాళాలాయన సంచీ వేసుకుని బయటికొస్తున్నాడు. పెళ్లాం గోడవైపు తిరిగి కూర్చుంది, పలకరింపు లేదు. గేటు దాకా వచ్చి, కాళ్లు ఆడక వెనక్కి పోతున్నాడు. మళ్లీ గుండె రాయి చేసుకుని బయల్దేరుతున్నాడు. చూసి చూసి అక్క చేతిలో ఓ తెల్లచొక్కా కాలిపోయింది. ఆగలేక ఎదురెళ్లి, "ఏమైంది తమ్ముడూ?" అని అడిగింది.

కిటికీలోంచి దొరగారు చూస్తున్నారు. తాళాలాయన పెదవి కదపలేదు. అక్క మొహంలోంచి అవతలికి చూసి, వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.

మనిషి ఆ చూపు చూశాడంటే ఇక కాపురం గంగలో కలిసినట్టేనని అక్కకి అర్థమైపోయింది. ఆవిడ రెండు పనులు చేసింది. మొదటిది, భార్య అన్నకి ఫోన్ చేయడం. అతను బస్సు డ్రైవరు. అతని యూనిఫాం ఇస్త్రీ చేసేది అక్కే. రెండోది, పైవాటా ఇంటావిడని కిటికీ దగ్గరికి పిలిచి చెప్పడం.

ఇంటావిడ కూడా పొద్దున్నుంచీ చూస్తూనే ఉంది. సంచీ వెళ్తోంది, వస్తోంది, వెళ్తోంది. తన మాట పట్టుకుని ఈయన సామాను కొంచెం కొంచెంగా వేరేచోటికి చేరవేస్తున్నాడని ఆవిడ లెక్క. కుక్క పోతుందని మొదట సంతోషించింది. ఇప్పుడు పెళ్లాన్ని కూడా వదిలేసి పోతున్నాడని అక్క చెప్పేసరికి గుండె జారింది. కిందికి దిగి ఆపుదామని గబగబా మెట్లమీదికి వచ్చింది. వెనక తలుపు టక్కుమంది. తాళంచెవి లోపల ఉండిపోయింది.

ఆవిడ నోట మాట పడిపోయింది. మెట్లమీదే కూలబడింది.

అప్పటికి ఎండ వాలింది. పరీక్ష వేళయింది. మెట్లమీద ఇంటావిడని చూసి తాళాలాయన, వచ్చి కూర్చుందిరా దేవుడా అనుకున్నాడు. దొరగారు ముందుకాళ్ల మీద గడ్డం ఆనించారు. నిలబడే చెవి సగం వాలింది. ఇంతకుముందెన్నడూ జరగని వింత అది. తాళాలాయన ఊపిరి బిగబట్టి గుత్తి తీశాడు, గడప దాటాడు, గేటు తీశాడు.

గేటు అవతల బస్సు ఉంది.

నమ్మండి, నమ్మకపోండి, అది నిండు బస్సు. చెల్లెలి కాపురం కూలిపోతోందని వినగానే బావమరిది దారి మళ్లించి, ప్రయాణికులతో సహా ఆ సందులోకి తెచ్చేశాడు. రెండుపక్కలా గోడలు రాసుకుని బస్సు ఇరుక్కుపోయింది. ముందుతలుపులోంచి బావమరిది, వెనకతలుపులోంచి ప్రయాణికులు దిగారు. ఎవరూ టికెట్ సంగతి ఎత్తలేదు. వాళ్లకి ఇదే బాగుంది.

"ఎక్కడికి బావా?" అన్నాడు బావమరిది, సంచీ పట్టుకుని. అతని గొంతుకీ బస్సు హారనుకీ పెద్ద తేడా లేదు.

కిటికీలో వాలిన చెవి మెల్లగా లేస్తోంది. తాళాలాయన అది చూశాడు. వేలు పెదవుల మీద పెట్టి, మొహం కదలకుండా గుసగుసగా అన్నాడు.

"కుక్క పడుకుంటోంది."

బావమరిది జనం వైపు తిరిగాడు. "విన్నారా? అక్కడ నా చెల్లెలు గోడకి మొహం పెట్టుకుని కూర్చుంటే, ఈయనగారికి కుక్క నిద్ర కావాల్సొచ్చింది."

ప్రయాణికుల్లో ఒకాయన, తాను మూడు పెళ్లిళ్లు చేసుకున్నాననీ, కుక్క వల్ల విడిపోయినవాళ్లని ఇదే చూడడమనీ అన్నాడు. ఇంకొకావిడ, బస్సులో ఉన్న పసివాణ్ణి నిద్రలేపి మరీ చూపించింది. బావమరిది కిటికీ దగ్గరికి వెళ్లి, "చెల్లెమ్మా, నేనొచ్చాను," అన్నాడు. చెల్లెలికి ప్రాణం పోతోంది. అయినా తలతిప్పలేదు. తిప్పితే దొరగారు లేస్తారు, లేస్తే అరుస్తారు, అరిస్తే రేపటినుంచి ఆ కుర్చీ ఖాళీ. మిషన్ చక్రం రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుంది.

తోడబుట్టినవాడి వంకైనా చూడలేనంత దెబ్బతిన్నదా అని బావమరిది గుండె చెరువైంది. అంత మనిషీ అక్కడే గోడకి తల ఆనించి బావురుమన్నాడు. అది చూసి ఇస్త్రీ అక్క అందుకుంది. మెట్లమీద ఇంటావిడకి అప్పుడు గొంతు పెగిలింది.

"నాయనా, పోకు. కుక్కని ఉంచుకో. కావాలంటే దానికి తోడు ఇంకో కుక్కని తెచ్చుకో. నువ్వెళ్లిపోతే నా తలుపు ఎవడు తీస్తాడు?"

ఆ తలుపు తలుచుకోగానే ఆవిడ మొహం ఆకాశం వంక లేచింది. పైగొంతుకతో ఒక్కటే రాగం. బావమరిది కిందిగొంతుకతో కలిపాడు. నిద్రలేచిన పసివాడు నడిమధ్య అందుకున్నాడు. ఆ ఊళలకి చెట్ల మీద పిట్టలు లేచిపోయాయి. నాలుగు వీధుల అవతల ఫైరింజను బయల్దేరింది.

తాళాలాయన ఆశ వదులుకున్నాడు. కళ్లు మూసుకుని దొరగారి గొంతు కోసం చెవులు రిక్కించాడు.

ఇక లాభం లేదని భార్య లేచింది. కిటికీ దగ్గరికి వచ్చి, వేలు పెదవులమీద పెట్టి, "మెల్లగా, అన్నయ్యా. లేస్తారు," అంది.

అందరూ ఠక్కున ఆపారు. లోపల దొరగారు లేచారు. జనాన్ని చూశారు. పొద్దున్నుంచీ ఈయన వెళ్లడం, రావడం చూసి చూసి ప్రాణం విసిగి ఉంది. నోరు బార్లా తెరిచి ఆవలించారు. ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి, వీధికి వీపు పెట్టి పడుకున్నారు. మరో క్షణానికి గురక.

వెనకింటాయన గోడమీంచి తలపెట్టి, ఆ ఊళపెట్టేవాళ్లని ఇంట్లో ఉంచుకునేట్టయితే తాను ఊరుకోనని ఇంటావిడని హెచ్చరించి దిగిపోయాడు. తాళాలాయన ఆవిడ తలుపు తీసిపెట్టాడు. బస్సుని ఫైరింజనువాళ్లు తాళ్లు కట్టి వెనక్కి లాగారు.

మర్నాడు తాళాలాయన గుత్తి తీస్తే దొరగారు కన్నైనా తెరవలేదు. కానీ గేటు చప్పుడుకి పైకిటికీ తెరుచుకుంది. "నాయనా, సాయంత్రం వస్తావుగా?" అంది ఇంటావిడ, వణుకుతున్న గొంతుతో. తాళాలాయన జవాబివ్వలేదు, పైకి చూడలేదు. గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాడు.

మనుషులకి కాస్త ఎక్కువ రోజులు పడతాయని డాక్టరమ్మ చెప్పింది.